మగ పూగుత్తి లేని తోటలో గెల ఎందుకు నిండదు: ఆయిల్ పామ్, వీవిల్ పురుగు కేస్ స్టడీ

నాలుగో ఏట మొదటి కోతలకు వచ్చిన ఆయిల్ పామ్ తోట. చెట్లు పచ్చగా ఉంటాయి, మట్టలు బలంగా ఉంటాయి, గెలల సంఖ్యకూ లోటుండదు. గెలను ఉలితో నిలువునా చీల్చినప్పుడే అసలు సంగతి బయటపడుతుంది. పైవరసలో కాయలు ఎర్రగా నిగనిగలాడుతుంటాయి. లోపలి వరసల్లో మాత్రం తెల్లగా, గోరంత సైజులో ఆగిపోయిన పిందెలు. వాటి మధ్య గింజ లేకుండా సన్నగా పెరిగిన నారింజరంగు కాయలు కొన్ని. కొన్ని గెలలైతే పండకముందే అడుగునుంచి కుళ్లి నల్లబడతాయి. చాలామంది దీన్ని ఎరువు లోపం అనుకుని పొటాష్, బోరాన్ మోతాదు పెంచుతారు. అయినా కాయ నిండదు, ఎందుకంటే ఆ పూలకు పుప్పొడి అందలేదు.

కొత్తగా ఆయిల్ పామ్ వేసిన ప్రాంతాల్లో ఈ సమస్య తరచూ వస్తుంది. 2021 ఆగస్టులో కేంద్రం ఆమోదించిన జాతీయ వంటనూనెల మిషన్ 2025-26 కల్లా అదనంగా 6.5 లక్షల హెక్టార్లలో ఆయిల్ పామ్ వేయించాలని లక్ష్యం పెట్టుకుంది. ఏలూరు చుట్టుపక్కల, అశ్వారావుపేట, దమ్మపేట వైపు పాత తోటలు దశాబ్దాలుగా ఉన్నాయి కాబట్టి అక్కడ పుప్పొడి మోసే వీవిల్ పురుగుకు కొదవ లేదు. తెలంగాణలో కొత్తగా సాగు మొదలైన మండలాల్లో కనుచూపు మేరలో పాత తోట ఉండదు. చెట్టు నర్సరీ నుంచి లారీలో వస్తుంది. ఆ చెట్టుతో కలిసి బతికే పురుగు దాని వెంట రాదు.

ఎవరికి ఎవరు కావాలి

ఆయిల్ పామ్ పుట్టిల్లు పశ్చిమ ఆఫ్రికా. ఒకే చెట్టుమీద ఆడ పూగుత్తులు, మగ పూగుత్తులు విడివిడిగా, వంతులవారీగా వస్తాయి. కొన్ని నెలలు వరసగా ఆడవి, ఆ తర్వాత కొన్ని నెలలు మగవి. అందుకే ఒక చెట్టు తన పుప్పొడితో తన గెలను నింపుకోవడం అరుదు. పుప్పొడి పక్క చెట్టునుంచి రావాలి. అది గాలికి వస్తుందని చాలాకాలం అనుకున్నారు. 1970ల చివర్లో కామెరూన్‌లో కీటక శాస్త్రవేత్త ఆర్.ఎ. సయ్యద్ జరిపిన పరిశీలనలతో లెక్క మారింది. పనిలో ఎక్కువ భాగం చేసేది మూడు నాలుగు మిల్లీమీటర్ల పొడవుండే ముదురు గోధుమరంగు ముక్కు పురుగులని (వీవిల్) తేలింది. వాటిలో ఎలియిడోబియస్ కామెరునికస్ అనే జాతిని ఎంచుకుని, క్వారంటీన్ పరీక్షలన్నీ చేసి, 1981 ఫిబ్రవరిలో మలేసియాలోని జొహోర్ రాష్ట్రంలో వదిలారు. అప్పటిదాకా అక్కడి తోటల్లో కూలీలు చెట్టుచెట్టుకూ తిరిగి చేత్తో పుప్పొడి చల్లేవారు. పురుగు వచ్చాక ఆ పని ఆగిపోయింది. మన దేశానికి ఈ పురుగు 1985లో కేరళ మీదుగా వచ్చింది, తర్వాత గోదావరి జిల్లాల తోటలకు చేరింది.

పురుగుకూ చెట్టుకూ మధ్య ఉన్న బేరం తెలిస్తే తోటలో ఏం చేయాలో, ఏం చేయకూడదో దానంతట అదే తెలుస్తుంది. మగ పూగుత్తి చేతివేళ్లలాంటి రెమ్మల కట్ట. ఒక్కో పూగుత్తికి వంద నుంచి మూడు వందల దాకా వేళ్లు, ఒక్కో వేలికి వందల కొద్దీ చిన్న పూలు ఉంటాయి. వేలి మొదలునుంచి చివరికి నాలుగైదు రోజుల్లో అవి విచ్చుకుంటాయి. ఆ రోజుల్లో దగ్గర నిలబడితే సోంపు వాసన వస్తుంది. ఆ వాసనకు కారణమైన పదార్థం పేరు ఎస్ట్రగోల్. దానికే పురుగులు వేల సంఖ్యలో వచ్చి వాలతాయి. పూల భాగాలు తింటాయి, జతకడతాయి, పూలలోనే గుడ్లు పెడతాయి. గుడ్డు ఒకటి రెండు రోజుల్లో పొదుగుతుంది. పిల్లపురుగు వాడిపోయిన పూల కండను తిని, అక్కడే కోశస్థ (ప్యూపా) దశకు వెళ్లి, దాదాపు రెండు వారాల్లో రెక్కల పురుగై బయటికొస్తుంది. పనైపోయిన పూవునే తింటుంది కాబట్టి చెట్టుకు నష్టం లేదు. ఈ పురుగు పిల్లలు పెరగడానికి ఆయిల్ పామ్ మగ పూగుత్తి తప్ప వేరే ఊయల లేదు. కొబ్బరి తోట, తాటి తోపు పక్కనే ఉన్నా లాభం లేదు.

ఆడ పూగుత్తి దగ్గర జరిగేది మాత్రం మోసమే. అక్కడ పురుగుకు తినడానికి ఏమీ ఉండదు, గుడ్లు పెట్టే చోటూ ఉండదు. కానీ కీలాగ్రాలు (పుప్పొడిని పట్టే పూల కొనలు) విచ్చుకున్న సమయంలో అదే సోంపు వాసనను విడతలుగా వదులుతుంది. మగ పూవని భ్రమపడిన పురుగు ఒంటినిండా పుప్పొడితో వచ్చి, లోపలి వరసల దాకా పాకి, ఏమీ దొరక్క వెళ్లిపోతుంది. గాలికి అందని లోపలి పూలు కాయ కట్టేది ఆ వెతుకులాట వల్లే. ఆడ పూలు పుప్పొడిని స్వీకరించేది 36 నుంచి 48 గంటలు మాత్రమే. మీగడ రంగులో ఉన్న కీలాగ్రాలు ఎరుపు తిరిగాయంటే తలుపు మూసినట్టే. ఆ రెండు రోజుల్లో పురుగు రాకపోతే ఆ గెలకు ఇక ఏ మందూ లేదు.

నిర్ధారణ

అనుమానం వచ్చిన తోటలో కోసిన గెలలనుంచి ఓ పదిని ఏ ఎంపికా లేకుండా తీయాలి. ఒక్కో గెలలో పైనుంచి, మధ్యనుంచి, అడుగునుంచి కొన్ని రెమ్మలు నరికి కాయలన్నిటినీ మూడు కుప్పలు చేయాలి: గింజ ఉన్నవి, గింజ లేకుండా పెరిగినవి, తెల్లగా ఆగిపోయినవి. కొంచెం ఎదిగిన ప్రతి కాయనూ కోసి చూడాలి, పైచూపుతో గింజ ఉందో లేదో తెలియదు. మూడు కుప్పల్లో కలిపి 300 ఉండి, గింజ కట్టినవి 120 అయితే కాయ కట్టిన శాతం 40. సగానికి తక్కువ వస్తే పరాగ సంపర్కం, అంటే ఆడ పూలకు పుప్పొడి అందడం, లోపించినట్టు. బాగున్న తోటల్లో ఇది 60, 70 దాటుతుంది. గింజ లేని కాయలో కూడా కొంత నూనె ఉంటుంది. అందుకే ఫ్యాక్టరీ దగ్గర తూకం తేడా వెంటనే కొట్టొచ్చినట్టు కనిపించదు, రైతుకు ఆలస్యంగా తెలుస్తుంది.

రెండో పని తేదీని వెనక్కి లెక్కకట్టడం. ఎక్కువ పొరపాట్లు ఇక్కడే జరుగుతాయి. పూవు విచ్చుకున్న నాటినుంచి గెల పండటానికి ఐదున్నర, ఆరు నెలలు పడుతుంది. జనవరిలో కోసిన గెల ఖాళీగా ఉంటే తప్పు జరిగింది జూలై, ఆగస్టుల్లో. ఆ నెలల్లో ముసురు పట్టిందా, పురుగు ఎగరలేకపోయిందా, పుప్పొడి వానకు కొట్టుకుపోయిందా అని చూసుకోవాలి. అక్టోబరు, నవంబరు గెలలు పాడైతే ఏప్రిల్, మే ఎండల సంగతి చూడాలి. ఇవాళ తోటలో పురుగులు ముసురుతుండగా గెలలు ఖాళీగా వస్తుంటే కంగారు పడాల్సింది లేదు, అది తీరిపోయిన సమస్య. అలాంటప్పుడు మళ్లీ పురుగులు తెచ్చి వదలడానికి డబ్బు పెట్టనక్కర్లేదు.

మూడోది పురుగుల లెక్క. విచ్చుకుని రెండు, మూడు రోజులైన మగ పూగుత్తిని ఎంచుకోవాలి. ఉదయం తొమ్మిది, పదకొండు మధ్య వెళ్లాలి. పై భాగంలో మూడు వేళ్లు, నడుమ మూడు, అడుగున మూడు. ఒక్కోదానికి పాలిథిన్ సంచి చటుక్కున తొడిగి, మూతి బిగించి అప్పుడు కోయాలి. ముందు కోసి తర్వాత సంచి తొడిగితే సగం ఎగిరిపోతాయి, లెక్క తప్పుతుంది. సంచుల్లో పురుగులు లెక్కపెట్టి, సగటు తీసి, పూగుత్తిలోని మొత్తం వేళ్లతో హెచ్చవేయాలి. వేలికి సగటున 40 పురుగులు, పూగుత్తికి 150 వేళ్లు అయితే ఆ పూగుత్తి మీద 6,000 ఉన్నట్టు. ఆ రోజు హెక్టారులో అలా విచ్చుకున్న మగ పూగుత్తులు నాలుగుంటే మొత్తం 24,000. హెక్టారుకు సుమారు 20,000, అంటే ఎకరాకు 8,000 ఉంటే చాలని సాధారణంగా వాడే కొలమానం.

ఈ గుణకారంలో రెండో అంకెను ఎవరూ పట్టించుకోరు. పూగుత్తికి 6,000 పురుగులున్నా హెక్టారంతటిలో విచ్చుకున్న మగ పూగుత్తి ఒక్కటే ఉంటే గెలలు నిండవు. పురుగు ఉంది గానీ అది మోసుకొచ్చే పుప్పొడి లేదు, రెండు వారాల తర్వాత దాని పిల్లలకు చోటూ ఉండదు. లేత తోటల్లో దాదాపు ప్రతిసారీ లోటు ఇదే. ఆయిల్ పామ్ తొలి ఏళ్లలో ఆడ పూగుత్తులే ఎక్కువ వేస్తుంది, మంచి హైబ్రిడ్లలో ఈ గుణం ఇంకా ఎక్కువ. ఎకరాకు 57 చెట్లున్న తోటలో ఒక రోజున ఒక్క మగ పూగుత్తీ విచ్చుకోని వారాలు ఉంటాయి.

తప్పు ఎక్కడ జరిగింది

చెట్టు బలం పుంజుకోవడానికి మొదటి రెండున్నర, మూడేళ్లు వచ్చిన పూగుత్తులన్నీ నెలనెలా తీసేస్తారు. ఇది సరైన పద్ధతే. ఇబ్బంది ఆపే తీరులో ఉంది. ఆడ, మగ తేడా లేకుండా అన్నీ తీసి, ఒక నెలలో హఠాత్తుగా ఆపేస్తారు. ఆ నెలనుంచి ఆడ పూగుత్తులు గుంపుగా విచ్చుకుంటాయి, పురుగుల సంఖ్య మాత్రం సున్నా. వదిలిన కొద్ది పురుగులు రెండు తరాలు పెరగాలంటే నెల పడుతుంది, అదీ మగ పూగుత్తులుంటేనే. ఆపడానికి మూడు నాలుగు నెలల ముందునుంచే ఆడ పూగుత్తులు మాత్రమే తీసి, మగవాటిని చెట్టుమీద వదిలేయడం ఉత్తమం. మగ పూగుత్తి చెట్టునుంచి తీసుకునే బలం గెలతో పోలిస్తే చాలా తక్కువ. పూగుత్తిని కప్పి ఉండే పొత్తి చీలకముందే ఆకారం చూసి గుర్తుపట్టొచ్చు: మగది సన్నగా, పొడవుగా ఉంటుంది, ఆడది లావుగా, పొట్టిగా ఉంటుంది. కూలీలకు మొదటి రోజు పక్కన ఉండి చూపించకపోతే రెండూ తీసేస్తారు.

రెండో తప్పు శుభ్రత పేరుతో జరుగుతుంది. గెల కోతకు వెళ్లినప్పుడు ఎండి నల్లబడ్డ మగ పూగుత్తులను కూడా నరికి కుప్పపోసి కాల్చేస్తారు. చచ్చిన కట్టెలా కనిపించే ఆ పూగుత్తిలోనే రాబోయే తరం మొత్తం ఉంటుంది. విచ్చుకోవడం ముగిశాక కనీసం మూడు వారాలు దాన్ని ముట్టుకోకూడదు. ఒక వేలిని విరిచి చూస్తే పూల మధ్య తెల్లటి పిల్లపురుగులు కనిపిస్తాయి. ఖాళీ గూళ్లు, చిన్న రంధ్రాలు మాత్రమే ఉంటే అప్పుడు తీసేయొచ్చు.

మూడోది మట్టలు ఎక్కువగా కొట్టడం, వేసవిలో నీరు తగ్గించడం. ఇది ఎదురు దిశలో పనిచేస్తుంది. ఒత్తిడికి గురైన చెట్టు మగ పూగుత్తులు ఎక్కువ వేస్తుంది. పూగుత్తి ఆడో మగో తేలేది అది విచ్చుకోవడానికి సుమారు రెండేళ్ల ముందు కాబట్టి, ఈ ఎండాకాలం ఎండగట్టిన తోట ఫలితం ఎప్పుడో తర్వాత కనబడుతుంది. అప్పుడు గెలలు బాగా నిండుతాయి గానీ గెలల సంఖ్య పడిపోతుంది. మగ పూగుత్తులు కావాలి కదా అని నీరు ఆపమనే సలహా కొన్నిచోట్ల వినిపిస్తోంది. అది పూర్తిగా తప్పు. కాపుకొచ్చిన చెట్టుకు వేసవిలో రోజుకు 200 నుంచి 300 లీటర్లు అందాలి, 35 నుంచి 40 మట్టలు ఉండాలి.

సరిదిద్దిన క్రమం

పురుగులను ఎక్కడినుంచి తెస్తామన్నది ముఖ్యం. చాలామంది పాత తోటలో పురుగులు ముసిరిన మగ పూగుత్తిని కోసి, గోనెసంచిలో కుక్కి, మధ్యాహ్నం ఎండలో బండిమీద తెస్తారు. దిగేసరికి సగం చచ్చి ఉంటాయి. తెల్లవారుజామున, పురుగు చురుకు తగ్గి ఉన్నప్పుడు పలుచటి నూలు గుడ్డ తొడిగి కోయాలి. గాలి ఆడే అట్టపెట్టెలో పెట్టి, ఎండ ముదరకముందే చేర్చాలి. ఇంతకన్నా మంచి మార్గం ఇంకొకటుంది: విచ్చుకోవడం అయిపోయి వారం, పది రోజులైన పూగుత్తులు తెచ్చి, మూత మీద గుడ్డ కట్టిన డబ్బాలో నీడన ఉంచాలి. నాలుగైదు రోజుల్లో కొత్త పురుగులు బయటికొస్తాయి. వాటిని మాత్రమే వదిలి, పూగుత్తిని తోట బయట పాతిపెడితే పాత తోటలోని ఇతర పురుగులు, తెగుళ్లు వెంట రావు. మలేసియాలో ఈ వీవిల్ ఒంట్లో పరాన్నజీవిగా ఉండే నులిపురుగు కనబడింది, కాబట్టి నీరసంగా ఉన్న పురుగులను తేకపోవడమే మంచిది.

వదిలే చోట ఆ రోజు విచ్చుకుని ఉన్న మగ పూగుత్తి ఉండాలి. ఇదొక్కటి లేకపోతే మిగతా జాగ్రత్తలన్నీ వృథా. అందుకే ముందు తోటంతా తిరిగి, ఆ వారంలో విచ్చుకోబోయే మగ పూగుత్తులున్న చెట్లకు గుర్తు పెట్టి, ఆ తేదీకి పురుగులు తెచ్చుకోవాలి. తోటకు ఒకే మూల కాకుండా మూడు నాలుగు చోట్ల వదలాలి. పదిహేను, ఇరవై రోజుల తేడాతో రెండోసారి, మూడోసారి వదిలితే తరాల మధ్య ఖాళీ రాదు.

మగ పూగుత్తులే లేని నెలల్లో చేతి సంపర్కం తప్ప దారి లేదు. విచ్చుకోబోయే మగ పూగుత్తికి ముందే సంచి కట్టి, పుప్పొడి రాలాక దులిపి, జల్లించి, 37 నుంచి 40 డిగ్రీల వెచ్చదనంలో ఒక రోజు ఆరబెట్టి, గాలి చొరని సీసాలో డీప్ ఫ్రీజర్‌లో దాచుకోవచ్చు. చల్లేముందు ఒక పాలు పుప్పొడికి పది పాళ్ల టాల్కం పౌడరు కలిపి, చిన్న పంపుతో ఆడ పూలమీద కొట్టాలి. రోజు విడిచి రోజు తోటంతా తిరగాలి, వారానికోసారి తిరిగితే చాలా పూగుత్తుల గడువు దాటిపోతుంది. ఎకరా రెండెకరాలైతే కుదురుతుంది, పెద్ద తోటలో కూలి గిట్టదు. ఇండోనేసియా, మలేసియాల్లో దీనికి ఒక మధ్యేమార్గం వాడుతున్నారు: వాడిపోయిన మగ పూగుత్తులను పెట్టెలో పెట్టి, కొత్త పురుగులు బయటికొచ్చే దారిలో నిల్వ పుప్పొడి చల్లి ఉంచుతారు. పురుగులు ఆ పొడిని ఒంటికి పూసుకుని ఎగిరిపోతాయి. పుప్పొడి ఉండి మగ పూగుత్తులు తక్కువైన మన లేత తోటలకు ఇది నప్పే ఉపాయం.

ఫలితం కోసం ఆరు నెలలు ఆగనక్కర్లేదు. పురుగులు వదిలిన వారంలో విచ్చుకున్న ఆడ పూగుత్తులు ఇరవై ఎంచుకుని, పక్క మట్టమీద పెయింటుతో తేదీ రాయాలి. రెండు మూడు నెలలకు వాటిలో నాలుగైదింటినుంచి లోపలి రెమ్మలు కోసి చూస్తే కాయ నిలిచిందో లేదో తెలిసిపోతుంది. ఆ తేదీలే తర్వాత ఏ వానకు, ఏ ఎండకు ఎంత నష్టమైందో చెప్పే రికార్డు కూడా అవుతాయి.

మిగతా ప్రాణులు

పురుగును తెచ్చి నిలబెట్టాక దాన్ని చంపేది ఎక్కువగా మనమే. 2016లో తమిళనాడులోని పొల్లాచ్చి కొబ్బరి తోటల్లో బయటపడ్డ రుగోస్ సర్పిలాకార తెల్లదోమ త్వరలోనే గోదావరి జిల్లాల కొబ్బరికి, ఆపైన ఆయిల్ పామ్‌కు వచ్చింది. ఆకు అడుగున తెల్లటి చుట్టలు, కింది ఆకులమీద తేనెబంక, దానిమీద నల్లటి మసి బూజు చూసి భయపడి ఘాటైన మందులు కొడతారు. ఆ మందు మగ పూగుత్తిమీద పడితే ఆ తరం వీవిల్ తుడిచిపెట్టుకుపోతుంది, ఆరు నెలల తర్వాత గెలలు ఖాళీగా వస్తాయి. ఆ రెంటికీ సంబంధం ఉందని అప్పటికి ఎవరికీ గుర్తుండదు. పైగా తెల్లదోమను అణిచే మిత్రులు కూడా చస్తారు. ఎన్‌కార్సియా గ్వాడెలూపే అనే సూక్ష్మ కందిరీగ తెల్లదోమ పిల్లల ఒంట్లో గుడ్డు పెడుతుంది, అలా పట్టుబడిన పిల్లదోమ నల్లగా మారుతుంది. ఆకు తిప్పి భూతద్దంతో చూస్తే ఈ నల్లనివి కనిపిస్తాయి. అవి ఎక్కువగా ఉంటే ఏమీ కొట్టకూడదు. లేకుంటే అవి ఉన్న తోటనుంచి ఆకు ముక్కలు తెచ్చి మట్టలకు కట్టాలి. తప్పదనుకుంటే ఇసారియా ఫ్యూమోసోరోసియా శిలీంద్రాన్ని లీటరుకు 5 గ్రాములు కలిపి, సాయంత్రం పూట, ఆకు అడుగు తడిసేలా, విచ్చుకున్న పూగుత్తులను తప్పించి కొట్టాలి. మసి బూజుకు ఒక శాతం గంజి చాలు, ఎండకు పెచ్చులుగా రాలిపోతుంది.

ఎలుకల సంగతి ఇంకో రకం. అవి గెలలో కాయలు కొరుకుతాయని అందరికీ తెలుసు. వాడిన మగ పూగుత్తులను చీల్చి వీవిల్ పిల్లపురుగులను ఏరుకు తింటాయని మలేసియా తోటల్లో గమనించారు. పూగుత్తి వేళ్లు చీలికలు పీలికలుగా, మధ్యలో తొలిచినట్టు ఉంటే అది ఎలుక పని. అక్కడ పది హెక్టార్లకు ఒకటి చొప్పున గుడ్లగూబలకు చెక్క గూళ్లు ఎత్తైన స్తంభాలమీద పెడతారు. గూళ్లు పెట్టిన తోటలో ఎలుకలకు విషపు ఎరలు వాడితే ఆ ఎలుకను తిన్న గుడ్లగూబ కూడా పోతుంది. రెండిట్లో ఒకటే ఎంచుకోవాలి, గూళ్లు పెట్టినచోట బోను, బుట్ట లాంటివే వాడాలి.

ఆఫ్రికాలో ఈ రకం పురుగుల్లో కొన్ని జాతులు కలిసి ఉంటాయి. ఒకటి వానలో వెనకబడితే మరొకటి పనిచేస్తుంది. మనకు తెచ్చింది ఒకే జాతి. అది జూలై ముసుర్లలోనో మే వడగాడ్పుల్లోనో తగ్గిపోతే దాని పని చేయడానికి వేరే పురుగు లేదు. ఆ రెండు కాలాలకు ముందు, అంటే మార్చిలో ఒకసారి, జూన్ మొదట్లో ఒకసారి సంచుల లెక్క వేసి, ఎకరాకు 8,000 కన్నా తగ్గితే ఆ నెలలోనే మగ పూగుత్తులున్న పొరుగు తోటనుంచి పురుగులు తెచ్చి కలపాలి. కొత్త మండలాల్లో పక్కపక్క రైతులు వేర్వేరు ఏళ్లలో నాటిన తోటలుంటే ఇది తేలికవుతుంది. ఒకరి చెట్లు ఆడ వంతులో ఉన్నప్పుడు మరొకరివి మగ వంతులో ఉంటాయి, పురుగుకు గట్టు హద్దు కాదు.